ఎడో వీధుల్లో కబురు చెప్పిందెవరు?

అందరికీ నమస్కారం. దండోరా అనగానే మనకు డప్పు, దాని వెంట ఒక గొంతు గుర్తొస్తాయి. ఎడో అంటే ఇప్పటి టోక్యో. ఎడో కాలపు జపాన్‌లో (1603–1868) మాత్రం సర్కారు మాట చాలావరకు చెక్క పలకల మీదే ఉండేది. ‘కోసాత్సు’ అనే ఆ పలకల్ని నిహోంబషి వంతెన లాంటి రద్దీ చోట్ల కట్టేవారు. మిగతా ఉత్తర్వులు పట్టణ పెద్దల నుంచి ‘ననుషి’ అనే పేట పెద్దకు, అక్కడి నుంచి ఇంటి అద్దెలు చూసుకునేవాడికి, చివరికి అద్దెకున్నవాళ్లకు చేరేవి. అంటే అద్దె వసూలుకొచ్చే మనిషే ప్రభుత్వ కబురూ మోసేవాడన్నమాట!

మరి వీధిలో గొంతెత్తిందెవరు? ‘యోమిఉరి’లు. చదువుతూ అమ్మేవాళ్లు. వాళ్ల సరుకు ‘కవరబాన్’, అంటే చెక్క అచ్చుతో ముద్రించిన వార్తా కాగితం. భూకంపాలు, అగ్నిప్రమాదాలు, పగ తీర్చుకున్న కథలు, ప్రేమికుల ఆత్మహత్యలు, ఏదైనా సరే. తరచూ ఇద్దరు జంటగా వచ్చేవారు. ముఖం మీదికి దిగిన అల్లిక టోపీ, చేతిలో సన్నని పుల్ల. పుల్లతో కాగితం మీద చూపిస్తూ రాగం తీసి కొంతే చదివేవారు. కథంతా అక్కడే వినిపించేస్తే కాగితం ఎవరు కొంటారు? ఆ టోపీ సోకు కోసం కాదు లెండి. అనుమతి లేని అచ్చు అది, దొరికితే శిక్షే. అయినా 1855 ఎడో భూకంపం తర్వాత ఈ కాగితాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి.

నాకు భలే ముచ్చటేసే విషయం ఒకటుంది. 1874లో టోక్యోలో మొదలైన ఒక పత్రిక ఈ ముఖం దాచుకున్నవాళ్ల పేరే పెట్టుకుంది, ‘యోమిఉరి షింబున్’ అని. కష్టమైన అక్షరాల పక్కన ఉచ్చారణ కూడా అచ్చేసి సామాన్యులకు దగ్గరైంది.

ఒసాకాది ఇంకో దారి. 1845 ప్రాంతంలో అమెకాత్సు అనే మిఠాయి వ్యాపారి ఉండేవాడు. మంచి మాటకారి, గట్టి గొంతు. కథలు, హాస్యం వినిపించే శాలలవాళ్లు తమ ప్రచారం అతనికి అప్పగించారు. తర్వాత వచ్చినవాళ్లు నాటకశాల పిలుపు ‘తోజై, తోజై’తో మొదలుపెట్టడంతో ‘తోజైయా’లయ్యారు. టోక్యోలో 1888లో ‘హిరోమెయా’ అనే ప్రచార సంస్థ బ్యాండు మేళాన్ని కూడా జతచేసింది.

వీళ్ల వారసులే చిందొన్‌యాలు, అంటే వాయిద్యాలు మోగిస్తూ వీధుల్లో ప్రచారం చేసేవాళ్లు. ‘చిన్’ కంచు చప్పుడు, ‘దొన్’ డోలు చప్పుడు. టాకీలు వచ్చాక మూకీ సినిమాలకు కథ చెప్పే ‘బెన్షి’లు, థియేటర్ వాయిద్యగాళ్లు పనిపోయి కొందరు ఇందులో చేరారు. కొత్త దుకాణం తెరిస్తే వీళ్లకు పిలుపొచ్చేది. జపాన్‌లోని తొయామా నగరంలో 1955లో మొదలైన చిందొన్ పోటీల వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి, వీలైతే చూడండి.