చిలీ భూకంపాలు: పోయిన ప్రాణాల లెక్క ఎందుకు తగ్గింది

అందరికీ నమస్కారమండీ. ముందుగా రెండు భూకంపాలు పక్కపక్కన పెట్టి చూద్దాం, రెండూ చిలీవే. ఒకటి 1939 జనవరి 24 రాత్రి పదకొండున్నరకి చియాన్ అనే ఊరి దగ్గర వచ్చింది, తీవ్రత 7.8, పోయినవాళ్ళు దాదాపు 28,000 మంది, 30,000 దాకా ఉంటారనేవాళ్ళు కూడా ఉన్నారు. రెండోది 2010 ఫిబ్రవరి 27 తెల్లవారుజామున 3:34కి, అదే చుట్టుపక్కల, తీవ్రత 8.8, అంటే విడుదలైన శక్తి మొదటిదానికి ముప్పై రెట్ల పైనే, పోయినవాళ్ళు 525 మంది. నేల అదే, జనాభా బాగా పెరిగింది, భూకంపం అంత పెద్దది, మరి చావులు ఇలా ఎలా తగ్గాయి అన్నదే ఇవాళ నేను మాట్లాడాలనుకున్న విషయం. నేను సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి కాస్త గోడలూ పిల్లర్ల వైపు ఎక్కువ వెళ్తా, ఏమనుకోకండి.

చిలీ ఎందుకు ఇంతలా ఊగుతుందో తొందరగా చెప్పేస్తాను. ఆ దేశం పక్కనే పసిఫిక్ అడుగున నాజ్కా ప్లేట్ ఉంది, అది ఏడాదికి ఆరేడు సెంటీమీటర్ల చొప్పున దక్షిణ అమెరికా కిందకి దూరుతోంది, అది దూరే చోట 8,000 మీటర్ల లోతున్న అగాధం. దూరడం సాఫీగా జరగదు, రెండు పలకలూ ఒకదానికొకటి పట్టేసుకుంటాయి, బిగుసుకుపోయిన తలుపుని భుజంతో తోస్తూ ఉంటే చాలాసేపు కదలక కదలక ఒక్కసారిగా భళ్ళున తెరుచుకుంటుంది చూడండి, అలా వందేళ్ళు, నూట యాభై ఏళ్ళు ఒత్తిడి పేరుకుని ఒక్క రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తుంది. దేశం పొడవునా సముద్రం ఒడ్డే కాబట్టి భూకంపం వెనకే సునామీ కూడా వస్తుంది. ఆండీస్ పర్వతాలు, అక్కడి అగ్నిపర్వతాలు అన్నీ ఈ తోపులాట వల్ల పుట్టినవే.

ఇప్పుడు 1960 గురించి, దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. మే 21 శనివారం పొద్దున కాన్సెప్సియోన్ దగ్గర 8.1 వచ్చింది, అదే పెద్ద విపత్తు అనుకుని దేశమంతా సహాయం గురించి ఆలోచిస్తుంటే మర్నాడు ఆదివారం మధ్యాహ్నం 3:11కి వాల్డీవియా ప్రాంతంలో అసలుది వచ్చింది, 9.5. పరికరాలతో కొలవడం మొదలయ్యాక ఇప్పటిదాకా ప్రపంచంలో ఇంతకంటే పెద్దది రాలేదు. 2024 డిసెంబర్ 4 పొద్దున్నే ములుగు దగ్గర 5.3 వచ్చినప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో కూడా ఇళ్ళలోంచి బయటికి పరిగెత్తారు కదా, శక్తి లెక్కన చూస్తే వాల్డీవియాది దానికి సుమారు 20 లక్షల రెట్లు. విరిగిన పగులు పొడవు ఇంచుమించు 1,000 కిలోమీటర్లు, మన ఇచ్ఛాపురం నుంచి తడ దాకా కోస్తా ఎంత పొడవుంటుందో అంత మేర ఒకే భూకంపంలో జారిపోయిందన్నమాట. భూగోళం మొత్తం రోజుల తరబడి సన్నగా కంపిస్తూ ఉండటం పరికరాల్లో మొదటిసారి స్పష్టంగా దొరికింది అప్పుడే.

అంత పెద్దదాంట్లో చిలీలో చనిపోయినవాళ్ళ లెక్క 1,655 అని చెప్తారు, ఇళ్ళు పోయినవాళ్ళు 20 లక్షల మంది. సంఖ్య అంతకన్నా పెరగకపోవడానికి ఒక కారణం ఏంటంటే అసలుదానికి కాసేపు ముందే ఒక గట్టి కుదుపు వచ్చి జనం భయంతో వీధుల్లోకి వచ్చేసి ఉన్నారు. కానీ సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి కాసేపటికే అలలు వచ్చి పడ్డాయి. ఆ అలలు పదిహేను గంటల తర్వాత హవాయిలోని హీలో ఊరిని కొట్టి 61 మందిని తీసుకెళ్ళాయి, అక్కడ సైరన్ ముందే మోగినా చాలామంది ఇళ్ళు వదల్లేదు, ఆ తర్వాత ఇంకో ఏడు గంటలకి పసిఫిక్ అవతల జపాన్‌లో దాదాపు 140 మంది పోయారు. పసిఫిక్ దేశాలన్నీ కలిసి హెచ్చరికల వ్యవస్థ పెట్టుకుందాం అని 1965లో కూర్చున్నది ఈ దెబ్బ తిన్నాకే. వాల్డీవియా చుట్టూ నేల రెండు మీటర్లకు పైగా కుంగిపోయి పంట పొలాల్లోకి నది నీళ్ళొచ్చి నిలిచిపోయాయి, ఇప్పుడు అదంతా నల్లమెడ హంసలు తిరిగే చిత్తడి నేల, వెనక్కి మళ్ళీ పొలం కాలేదు. రెండేళ్ళలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పెట్టాల్సిన దేశం అది, మ్యాచ్‌లు జరగాల్సిన ఊళ్ళలో నాలుగింటిని తీసేసి అయినా 1962లో నడిపించారు, అది వేరే కథ.

1960లో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది రిన్యీవే సరస్సు. భూకంపానికి కొండచరియలు విరిగిపడి ఆ సరస్సు నీళ్ళు బయటికి పోయే సాన్ పెద్రో నది మొత్తం మూసుకుపోయింది. వెనక నీళ్ళు రోజురోజుకీ పెరుగుతున్నాయి, కట్ట మట్టిది, ఒక్కసారి తెగితే కింద వాల్డీవియా దాకా ఉన్న ఊళ్ళన్నీ కొట్టుకుపోతాయి. ఇక్కడ ఆగి 1575కి వెళ్ళాలి. ఆ ఏడాది డిసెంబర్‌లో సరిగ్గా ఇక్కడే పెద్ద భూకంపం వచ్చింది, సరిగ్గా ఇలాగే నది మూసుకుపోయింది, నాలుగు నెలల తర్వాత 1576 ఏప్రిల్‌లో కట్ట తెగి కింద ఉన్న జనాన్ని ఊడ్చేసింది. అప్పుడు వాల్డీవియాలో స్పెయిన్ అధికారిగా ఉన్న పేద్రో మారీన్యో ద లోబెరా అనే ఆయన ఇదంతా తన చరిత్రలో రాసిపెట్టాడు. సుమారు నాలుగు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే జరుగుతుంటే ఏం రాబోతోందో ముందే తెలిసింది అంటే ఆ రాత వల్లే. రౌల్ సాయెస్ అనే ఇంజనీర్ ఆధ్వర్యంలో పనిలోకి దిగారు, బుల్డోజర్లు బంకమట్టిలో దిగబడిపోతుంటే వందల మంది కూలీలు పారలతో కట్ట ఎత్తు తగ్గించారు, కింద ఉన్న జనాన్ని ఖాళీ చేయించారు, చివరికి నీళ్ళు ఒక్కసారిగా కాకుండా అదుపులో బయటికి పోయేలా చేసారు. వాల్డీవియా లోతట్టు భాగాలు మునిగాయి కానీ 1576 మళ్ళీ జరగలేదు. సైన్స్ చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక పేజీ కూడా దొరకదు, నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ఇదే ప్రాంతంలో ఇంకో రకం రాత కూడా ఉంది, మనుషులు రాసింది కాదు, నేల రాసుకున్నది. మార్కో సిస్టర్నాస్ అనే చిలీ శాస్త్రవేత్త, ఆయనతో ఇంకొందరు మౌయీన్ నది ముఖద్వారం దగ్గర మట్టి తవ్వి పొరలు చూసి 2005లో పేపర్ వేసారు. పాత రికార్డుల్లో 1575, 1737, 1837, 1960 అని నాలుగు పెద్ద భూకంపాలున్నాయి, దాన్ని బట్టి వందేళ్ళకొకటి అనిపిస్తుంది కదా, కానీ మట్టిలో కుంగిన గుర్తులు, సునామీ తెచ్చిన ఇసుక పొర 1575కీ 1960కీ గట్టిగా ఉన్నాయి, మధ్యలో రెండిటికీ దాదాపు లేవు. 1960లో నేల కుంగి ఉప్పునీళ్ళకి చచ్చిపోయిన చెట్లలో కొన్ని 1837ని దాటి బతికినవే. అంటే మధ్యలో రెండు చిన్నవి, ఒత్తిడి పూర్తిగా వదల్లేదు, మూడు శతాబ్దాల పైనది కలిసి 1960లో వచ్చిపడింది. అంత తీవ్రత ఎక్కడినుంచి వచ్చింది అన్నదానికి నేను చదివినవాట్లో ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇప్పుడు కొంచెం ఉత్తరానికి. 1835 ఫిబ్రవరి 20న కాన్సెప్సియోన్ నేలమట్టం అయినప్పుడు చార్లెస్ డార్విన్ వాల్డీవియా దగ్గర అడవిలో పడుకుని విశ్రాంతి తీసుకుంటున్నాడు, తర్వాత ఓడ మీద వెళ్ళి శిథిలాలు చూసాడు, ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ శాంటా మరియా దీవి ఒడ్డు దాదాపు మూడు మీటర్లు పైకి లేచిందని కొలిచి రాసాడు, రాళ్ళకి అంటుకున్న గవ్వలు నీళ్ళకి పైన ఎండిపోయి కుళ్ళిపోతున్నాయట. తీరంలో ఆ భాగంలో 2010 దాకా మళ్ళీ అంత పెద్దది రాలేదు. 175 ఏళ్ళు ఇంటూ ఏడు సెంటీమీటర్లు వేసుకోండి, పన్నెండు మీటర్ల కదలిక పేరుకుపోయి ఉందన్నమాట. జీపీఎస్‌లతో ఇది కొలిచిన శాస్త్రవేత్తలు 2009లో పేపర్ వేసి ఇక్కడ 8 నుంచి 8.5 దాకా రావచ్చు అన్నారు, తేదీ చెప్పలేదు, ఎవరూ చెప్పలేరు కూడా. మరుసటి ఏడాదే 8.8 వచ్చింది, కాన్సెప్సియోన్ నగరం మొత్తంగా మూడు మీటర్లు పడమరకి జరిగింది.

బిల్డింగుల సంగతికొద్దాం. చిలీలో ప్రతి పెద్ద భూకంపం ఒక రూలు వదిలి వెళ్ళింది. 1906 ఆగస్టులో వాల్పరైసో కూలి మూడు నాలుగు వేల మంది పోయాక ప్రభుత్వం 1908లో భూకంపాల సర్వీసు పెట్టి దానికి ఫ్రాన్స్ నుంచి మోంతెసు ద బల్లోర్ అనే నిపుణుణ్ణి తెచ్చుకుంది. 1928లో తాల్కా పోయాక కట్టడాల చట్టం. 1939లో చియాన్‌లో చంపింది పచ్చి ఇటుకల మట్టి గోడలు, బలం లేని ఇటుక గోడలు, ఐతే కాంక్రీటు పట్టీలతో బిగించి కట్టిన ఇళ్ళు నిలబడ్డాయి, అది చూసి ఆ పద్ధతే దేశమంతా తెచ్చారు. మన మేస్త్రీలు ముందు పిల్లర్లు, బీములు పోసి తర్వాత మధ్యలో ఇటుక నింపుతారు, వాళ్ళు ముందు గోడ పళ్ళు పళ్ళుగా కట్టి ఆ గోడ చివర్లలో తర్వాత కాంక్రీటు పోస్తారు, అప్పుడు గోడా పిల్లరూ ఒకటిగా పట్టుకుంటాయి. చూడ్డానికి చిన్న తేడా, ఊగేటప్పుడు చాలా పెద్ద తేడా. 1965లో రాగి గని వ్యర్థాల కట్ట భూకంపానికి తెగి ఎల్ కోబ్రే అనే ఊళ్ళో 200 మందికి పైగా పోతే పాత వ్యర్థాల మీదే ఎత్తు పెంచుకుంటూ పోయే ఆ రకం కట్టలే వద్దని 1970లో నిషేధించారు, అదే రకం కట్ట 2019లో బ్రెజిల్‌లో తెగి 270 మందిని చంపింది, ఆ తేడా గుర్తుపెట్టుకోండి. ఎత్తైన బిల్డింగులకి చిలీ వాళ్ళు పిల్లర్ల మీద కాకుండా కాంక్రీటు గోడల మీద ఆధారపడతారు, పై అంతస్తులో గోడ కింద దాకా దిగుతుంది. మన ఊళ్ళలో అపార్ట్‌మెంట్ కింద అంతా ఖాళీ వదిలేసి పార్కింగ్, సన్నటి పిల్లర్ల మీద ఐదంతస్తులు, అలాంటివి 2001లో గుజరాత్ భూకంపానికి అహ్మదాబాద్‌లో ఎలా కూర్చుండిపోయాయో ఇంజనీర్లందరం చూసాం, చూసి కూడా కడుతున్నాం, ఇది నాకు నిద్ర పట్టనివ్వదు. ఇంకో విషయం, చిలీలో ఫ్లాట్ మొదట అమ్మినవాళ్ళు స్ట్రక్చర్ లోపాలకి పదేళ్ళ దాకా చట్టం ప్రకారం బాధ్యులు.

ఐతే వాళ్ళూ సడలించిన చోట ఉంది, అది కూడా చెప్పాలి. 1985 భూకంపంలో గోడల బిల్డింగులు బాగా నిలబడ్డాయని 1996 బిల్డింగ్ కోడ్‌లో గోడ చివర్ల దగ్గర కడ్డీల చుట్టూ దగ్గరదగ్గరగా ఇనుప రింగులు కట్టాలన్న నిబంధన అవసరం లేదన్నారు. ఈలోగా బిల్డింగులు ఎత్తు పెరిగాయి, గోడలు పలచబడ్డాయి. 2010లో అలాంటి గోడల చివర్లలోనే కాంక్రీటు నలిగి కడ్డీలు వంగాయి, కాన్సెప్సియోన్‌లో పదిహేను అంతస్తుల ఆల్టో రియో అనే కొత్త బిల్డింగ్ వెల్లకిలా పడిపోయి ఎనిమిది మంది పోయారు. మరుసటి ఏడాదికే రూలు మార్చేసారు.

2010లో అసలు ఓటమి మాత్రం సునామీ దగ్గర జరిగింది. నేవీ సంస్థ ముందు హెచ్చరిక ఇచ్చి తర్వాత రద్దు చేసింది, సునామీ లేదని దేశాధ్యక్షురాలు కూడా రేడియోలో చెప్పారు, అలలు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి, ఒడ్డున పోయినవాళ్ళు నూట యాభై మంది దాకా, తర్వాత అధికారుల మీద కేసులు నడిచాయి. ఇంకా గమనించాల్సింది ఏంటంటే జాలరి పల్లెల్లో పుట్టిపెరిగినవాళ్ళు రేడియో కోసం చూడలేదు, నిలబడలేనంతగా ఊగిందంటే కొండెక్కాలి అని పెద్దవాళ్ళు 1960 నుంచి చెప్తూ వచ్చారు, చీకట్లోనే ఎక్కేసారు. కాన్స్టిటుసియోన్ ఊళ్ళో నది మధ్య ఓరెగో అనే చిన్న దీవి ఉంది, వేసవి ఆఖరి పండగకి వచ్చినవాళ్ళు ఆ రాత్రి అక్కడ గుడారాలు వేసుకుని ఉన్నారు, పిల్లలతో సహా. అక్కణ్ణించి బయటికి పడవ తప్ప దారి లేదు. డజన్ల కొద్దీ పోయారు.

దీని నుంచి కూడా నేర్చుకున్నారు. భూకంపాల కేంద్రం 24 గంటలూ మనుషులతో పనిచేస్తోంది, హెచ్చరిక నేరుగా సెల్‌ఫోన్‌కి వస్తుంది. 2014 ఏప్రిల్ 1న ఇకీకే దగ్గర 8.2 వస్తే తొమ్మిది లక్షల మందికి పైగా ఒడ్డు నుంచి పైకి వెళ్ళారు, ఆరుగురు పోయారు. 2015 సెప్టెంబర్ 16న ఇయాపెల్ దగ్గర 8.3, పది లక్షల మంది ఖాళీ చేసారు, పోయినవాళ్ళు పదిహేను మంది.

ఇప్పుడు అందరి కళ్ళూ ఉత్తరాన ఉన్నాయి. 1877 మే 9న అక్కడ చాలా పెద్దది వచ్చింది, 2014లో విరిగింది అందులో కొంత భాగమే, మిగతాది ఇంకా పట్టేసుకునే ఉంది, అందుకే ఆ ఎడారి అంచున పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు.

మన కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఒక్క మాట, చిలీ పద్ధతి మనకి యథాతథంగా పనికిరాదు. అక్కడ ఊపే సైరన్, పావుగంటలో అల వచ్చేస్తుంది. మనకి 2004లో సుమత్రా దగ్గర నేల విరిగింది, ఇక్కడ కొద్దిగా ఊగింది అంతే, రెండు గంటలకు పైగా తర్వాత అల వచ్చి ఆంధ్రా తీరంలో వంద మందికి పైగా పోయారు. అంటే మన దగ్గర నేల చెప్పదు, ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని 2007 నుంచి హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం ఇచ్చే మన జాతీయ సంస్థ, వాళ్ళ సునామీ కేంద్రం చేస్తోంది. వాళ్ళు చెప్పింది మీ ఊరి ఆఖరి ఇంటిదాకా, వేటకి వెళ్ళిన పడవదాకా ఎన్ని నిమిషాల్లో చేరుతుంది, మీ పంచాయతీలో దానికి బాధ్యత ఎవరిది, ఇది తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే మొదటి ప్రశ్న నాకు కాదు, నేనే మిమ్మల్ని అడుగుతా, చెయ్యెత్తండి.