చిన్న ఆఫీసుకి ఫ్యాక్స్ ఇంకా అవసరమా?

నమస్కారం. ఆఫీసులో ఫ్యాక్స్ ఉంచాలా, తీసేయాలా అన్నది ఈ రోజు చూద్దాం.

ముందు మీ మెషీన్ మెనూలోకి వెళ్లి యాక్టివిటీ రిపోర్ట్ ప్రింట్ తీయండి. ఈ మధ్య ఎవరికి పంపారో, ఎవరి నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. తేల్చేది ఆ కాగితమే. ఫ్యాక్స్ అవసరం మీది కాదు, అవతలివాళ్లది. వాళ్లు ఈమెయిల్‌కి సిద్ధంగా ఉంటే మెషీన్ కోసం విడిగా ఒక లైన్ పెట్టుకోవడం దండగ.

ఇక నాణ్యత. మనం వాడే గ్రూప్ 3 ఫ్యాక్స్ ప్రమాణం 1980లో వచ్చింది. స్టాండర్డ్ మోడ్‌లో నిలువుగా అంగుళానికి సుమారు 98 గీతలే, ఫైన్‌లో పెడితే 196. స్కానర్‌లో 300 మామూలు. అందుకే ఫ్యాక్స్‌లో చిన్న అంకెలు అలుక్కుపోతాయి, 3 కాస్తా 8లా కనబడుతుంది. బిల్లులు, అకౌంట్ నంబర్లు పంపేవాళ్లు తప్పకుండా ఫైన్ మోడ్ వాడండి.

చాలా ఆఫీసులకి అసలు తలనొప్పి ఫోన్ లైన్‌తో వస్తుంది. ఇంటర్నెట్ ఫోన్‌కి మారగానే ఫ్యాక్స్ సగంలో ఆగిపోతుంది, మెషీన్ పాడైందనుకుంటారు. మెషీన్ బాగానే ఉంటుంది. ఇంటర్నెట్ ఫోన్ చాలాసార్లు మాటని కుదించి పంపుతుంది. మన చెవికి ఆ తేడా తెలియదు, ఫ్యాక్స్ టోన్లు మాత్రం చెడిపోతాయి. ఫ్యాక్స్‌ని ఇంటర్నెట్ మీద సరిగ్గా పంపడానికే టి.38 అనే పద్ధతి ఉంది. మీ అడాప్టర్‌లో (మెషీన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే పెట్టె), ఫోన్ సర్వీసులో రెండింట్లోనూ అది ఉందా అని అడగండి. లేకపోతే మెషీన్ సెట్టింగుల్లో ఫ్యాక్స్ స్పీడ్‌ని 9600కి (సెకనుకి బిట్లు) తగ్గించి చూడండి, చాలాసార్లు పని జరుగుతుంది.

ఫ్యాక్స్‌ని నమ్మేవాళ్లు చెప్పే ముఖ్యమైన మాట, 'ఓకే' రిపోర్ట్ చేతికొస్తుంది కదా అని. నిజమే, మామూలు ఈమెయిల్‌లో అది లేదు. కానీ ఆ ఓకే అవతలి మెషీన్‌కి చేరిందని మాత్రమే చెబుతుంది. ట్రేలో పడిన కాగితాన్ని ఎవరు తీసుకున్నారో చెప్పదు. లైన్ మీద ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా సంకేతంగా మార్చడం, కూడా ఉండదు. 2018లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రత కంపెనీ పరిశోధకులు ఒక్క ఫ్యాక్స్ పంపి హెచ్‌పీ ప్రింటర్‌ని వశం చేసుకుని, దాని ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లొచ్చని చూపించారు. హెచ్‌పీ దానికి అప్‌డేట్ ఇచ్చింది. మీ ప్రింటర్‌లో అప్‌డేట్లు వేశారా? ఇప్పుడే చూడండి.

డిజిటల్ అంటే పీడీఎఫ్ చేసి మెయిల్‌లో పడేయడం కాదు. గోప్యమైన ఫైల్‌ని గడువున్న లింక్‌గా పంపండి, అకౌంట్‌కి రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి. స్కాన్ చేసేటప్పుడు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే సౌకర్యం) ఆన్ చేస్తే, రేపు ఒక పేరు టైప్ చేసి పాత కాగితాన్ని పట్టుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను డిజిటల్ వైపు ఉంటాను. సంతకం ఫొటో అతికిస్తే అది డిజిటల్ సంతకం కాదు. నిజమైన డిజిటల్ సంతకం ఉంటే, ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా తెలిసిపోతుంది. సింక్‌ని, అంటే ఒకే ఫైళ్లని రెండు చోట్లా ఒకేలా ఉంచడాన్ని, బ్యాకప్ అనుకోకండి. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది.

నా సలహా ఇది. రిపోర్ట్‌లో ఇద్దరో ముగ్గురో మాత్రమే కనబడితే మెషీన్ తీసేసి ఆన్‌లైన్ ఫ్యాక్స్ పెట్టుకోండి. వచ్చిన ఫ్యాక్స్ పీడీఎఫ్‌గా మెయిల్‌కి వస్తుంది. రోజూ ఫ్యాక్స్ మీదే పని నడిచే ఆఫీసైతే, అవతలివాళ్లు మారేదాకా మెషీన్‌ని కదపకండి. ఒక్క జాగ్రత్త: పాత లైన్ రద్దు చేయకముందే ఆ నంబర్‌ని కొత్త సర్వీసుకి మార్చుకోవచ్చా అని కనుక్కోండి. రద్దయ్యాక అదే నంబర్ తిరిగి దొరకడం కష్టం.