కార్గో షెడ్డులో మొదలైన వకాల్తా

శ్రోతలందరికీ నమస్కారం. ఎయిర్‌పోర్టు ఉద్యోగం వదిలి నేను వకీలును ఎట్లా అయ్యానో ఈరోజు చెప్తాను.

మాది వరంగల్ పక్కన మామునూరు దగ్గరి ఊరు. చిన్నప్పుడు మా బాపు గొడ్లను తోలుకుపోయే దారిలో ఒక పాత రన్‌వే కనిపించేది. నిజాం కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయం అది. 1981లో మూతపడింది. "మళ్ల ఎందుకు తెరుస్తలేరు బాపూ?" అని అడిగేదాన్ని. "మనకేం తెలుస్తది బిడ్డా, పెద్దోళ్ల ముచ్చట" అనేవాడు.

జవాబు నాకు ముప్పై ఆరేళ్ల వయసులో, లా చదువుతుండగా దొరికింది. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన సంస్థతో 2004లో కేంద్రం ఒక ఒప్పందం చేసుకుంది. 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల దాకా ఇంకో విమానాశ్రయం రాకూడదని అందులో ఒక షరతు ఉంది. మామునూరు ఆ గీత లోపలే పడింది. ఆ సంస్థ అభ్యంతరం లేదన్నాకే 2025లో మామునూరుకు అనుమతి వచ్చింది. నేను అంతకుముందు ఎయిర్‌పోర్టులో ఏళ్ల తరబడి పనిచేసినదాన్నే. అయినా ఈ సంగతి నాకు తెలియదు.

ఎయిర్‌పోర్టు ఉద్యోగం అనగానే చాలామంది "పైలటా?" అని అడుగుతారు. కాదండీ. పైలట్ లైసెన్సు కావాలంటే 200 గంటలు ఎగరాలి, దానికి లక్షల్లో ఖర్చు. మా ఇంట్లో అంత స్తోమత లేదు. హనుమకొండలో డిగ్రీ చేసి, శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైన మరుసటి ఏడాది, 2009లో గ్రౌండ్ స్టాఫ్‌గా చేరాను. మొదట చెక్-ఇన్ కౌంటర్, తర్వాత కార్గో.

నా బతుకు మలుపు తిరిగింది ఆ కార్గో షెడ్డులోనే. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల శవాలున్న పెట్టెలు వచ్చేవి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి తెల్లవారుజామునే మనుషులు వచ్చి గేటు బయట కూర్చునేవాళ్లు. పెట్టెతో పాటు అక్కడి మరణ ధ్రువపత్రం, శవం చెడిపోకుండా మందు ఎక్కించినట్టు ఎంబామింగ్ పత్రం, మన ఎంబసీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు రావాలి. ఇక్కడ హెల్త్ ఆఫీసరు, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ చూడాలి. ఒక్క కాగితంలో పేరు తేడా వచ్చినా గంటలు పట్టేది. ఒకరోజు ఒక ముసలవ్వ నా చెయ్యి పట్టుకుని, "సంతకం ఏడ పెట్టాలె బిడ్డా, నా కొడుకును ఇస్తరా?" అన్నది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించగలిగాను. ఆ తర్వాత ఆమె కోడలు అడిగింది: "అక్కా, కంపెనీ నుంచి రావాల్సిన జీతం ఎట్ల?" దానికి నా దగ్గర మాట లేదు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. లా కోర్సు ప్రవేశ పరీక్ష లాసెట్ రాశాను. డిగ్రీ ఉన్నవాళ్లకు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. పెద్ద వయసని ఎవరూ ఆపరు. దాచుకున్న డబ్బుతో ఉద్యోగం మానేసి సుబేదారి లా కాలేజీలో చేరాను. నాకంటే పన్నెండేళ్లు చిన్నపిల్లల పక్కన కూర్చోవడం మొదట టెన్షన్‌గానే ఉండేది. ఈ దారిలో రావాలనుకునేవాళ్లు డబ్బు సంగతి ముందే చూసుకోండి. వకీలుగా ప్రాక్టీసు చేస్తూ పూర్తికాల జీతం ఉద్యోగం చేయడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. మొదటి రెండేళ్లు చేతికి వచ్చేది చాలా తక్కువ.

క్లాసులో ఒకరోజు జీజా ఘోష్ కేసు చెప్పారు. ఆమెకు సెరిబ్రల్ పాల్సీ. 2012 ఫిబ్రవరిలో ఒక సదస్సు కోసం కోల్‌కతా నుంచి గోవా వెళ్తుంటే, సీట్లో కూర్చున్న ఆమెను విమానం నుంచి దింపేశారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 మేలో కోర్టు పది లక్షల పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు చదువుతుంటే నాకు ముఖం చెల్లలేదు. కౌంటర్లో ఉన్న రోజుల్లో, వీల్‌చైర్‌లో వచ్చిన ఒక అమ్మాయిని నేనూ డాక్టర్ సర్టిఫికెట్ ఏదని అడిగి పక్కన కూర్చోబెట్టాను. మాకు చెప్పింది అదే అనుకున్నాను. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. వికలాంగ ప్రయాణికుల కేసు ఏది వచ్చినా ఫీజు మాట ఎత్తకపోవడానికి కారణం ఆ అమ్మాయే.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్ కుటుంబాలవాళ్లే. ఎక్కడైనా పని చేసుకోవచ్చని ఏజెంట్లు అంటగట్టే ఆజాద్ వీసా మీద పోయి మోసపోయినవాళ్లు, కంపెనీ నుంచి బయటపడి సరైన కాగితాలు లేకుండా ఉండిపోయిన, అంటే కల్లివెల్లి అయినవాళ్లు. విమానంలో వచ్చే సరుకు వెంట ఉండే కాగితం, ఎయిర్ వేబిల్లు, చదవడం వచ్చు కాబట్టి పెట్టె ఎక్కడ ఆగిందో ఫోన్లోనే చెప్పగలను. ఏ కాగితం ఎవరి సంతకం కోసం ఎదురుచూస్తున్నదో కూడా తెలుస్తుంది. ఈ పని నాకు ఏ లా పుస్తకమూ నేర్పలేదు, షెడ్డులో రాత్రి డ్యూటీలు నేర్పాయి. "ఎయిర్‌పోర్టు ఉద్యోగం వదిలి తప్పు చేసినవ్" అని మా చిన్నాయన ఇప్పటికీ అంటాడు. నేను వదిలింది జీతం ఒక్కటే, పని నా వెంటే వచ్చింది.

మీ ఇంట్లోంచి ఎవరైనా గల్ఫ్ పోతుంటే ఒక మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద, అంటే పనికి గల్ఫ్ పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు మీద, పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో ప్రాణం పోతే పది లక్షలు వస్తాయి. చాలా ఇళ్లలో ఆ పాలసీ కాగితమే కనిపించదు. పోయినవాళ్ల బ్యాగులోనే పోతుంది. అందుకని పోయే ముందు రోజు పాస్‌పోర్టు, వీసా, కంపెనీతో చేసుకున్న ఒప్పందం, బీమా పాలసీ అన్నీ ఫోటో తీసి భార్య ఫోన్లో ఒకటి, అమ్మ దగ్గర జిరాక్స్ ఒకటి పెట్టించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే విమానం ఎక్కకముందే సరిచేయించండి.

వచ్చేవారం ఇదే సమయానికి, విమానం రద్దయితే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు ఎట్లా వేయాలో చెప్తాను. అయిదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా ఉండదు. ఉంటాను మరి, నమస్కారం.