పాత కేసులో కొత్త కంప్యూటర్: కొలత, కోత, తుప్పు

నమస్కారం. ఈ బల్ల మీద ఉన్నది ఇరవై ఏళ్ల కిందటి మిడ్ టవర్ కేసు, అంటే కంప్యూటర్ భాగాలన్నీ బిగించే మధ్యస్థం సైజు రేకు పెట్టె. రేకు మందం దాదాపు 0.8 మి.మీ. ఇప్పుడు తక్కువ ధరకి దొరికే కేసుల్లో 0.5 మి.మీ. రేకు కూడా వస్తోంది, బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది. ఇంత గట్టి పెట్టెని పాత ఇనుము కొట్టుకి వేసేయడం నాకు మనసొప్పదు.

మదర్‌బోర్డు పట్టించడం పెద్ద కష్టం కాదు. బోర్డుకీ కేసుకీ 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే కొలతలే ఇవాళ్టికీ నడుస్తున్నాయి. పూర్తి బోర్డు 305 × 244 మి.మీ., వెనక పోర్టుల కిటికీ 158.75 × 44.45 మి.మీ. కష్టమంతా గాలితోనే. అప్పట్లో మొత్తం కంప్యూటర్ తినే కరెంటు కంటే ఇప్పటి మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే ఎక్కువ తింటుంది. ఆ వేడి బయటికి పోవాలంటే రేకు కొయ్యాలి. కోస్తే మన విశాఖ ఉప్పుగాలికి ఆ అంచు తుప్పు పడుతుంది. ఈ రెండూ కలిపి ఆలోచించిన వాళ్ల కేసే నాలుగు కాలాలు నిలుస్తుంది.

ముందుగా, వద్దనుకోవాల్సిన కేసులు రెండు రకాలు. 2000ల మధ్యలో కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లకి బీటీఎక్స్ అనే వేరే అమరిక కేసులు వచ్చాయి. వాటిలో బోర్డు రెండో పక్క రేకు వైపు ఉంటుంది, ఏటీఎక్స్ బోర్డు కూర్చోదు. రెండోది అంతకుముందు నాటి ఏటీ కేసు. దాని ముందు మీటకి 230 వోల్టుల మెయిన్స్ తీగ నేరుగా వస్తుంది. ఆ మీటని కొత్త బోర్డు పిన్నులకి కలిపితే ప్రాణం మీదికి వస్తుంది. ఏటీ కేసే కావాలంటే ఆ మీట, తీగ మొత్తం పీకేసి, నొక్కి వదిలితే వెనక్కి వచ్చే పుష్ బటన్ పెట్టాలి. వెనక భాగానికి పాడైన ఏటీఎక్స్ కేసు నుంచి బోర్డు పలక, పోర్టుల కిటికీ, కార్డులు దిగే స్లాట్ల వరస మూడూ ఒకే ముక్కగా కోసి తెచ్చి రివెట్ చెయ్యడం మేలు. స్లాటుకీ స్లాటుకీ మధ్య 20.32 మి.మీ. ఉండాలి. చేత్తో గీసి కోస్తే ఒక్క మిల్లీమీటరు తేడాకే కార్డు స్లాటులో వంకరగా దిగుతుంది.

ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ కొనేముందు బోర్డు పలక నుంచి పక్క రేకు దాకా లోపలి వెడల్పు కొలవండి. అందులోంచి సుమారు 16 మి.మీ. తీసెయ్యండి. స్టాండాఫ్ (బోర్డుని పలకకి ఎత్తులో నిలిపే చిన్న లోహపు కాలు) ఆరున్నర, బోర్డు 1.6, మిగతాది సాకెట్టూ ప్రాసెసరూ. లోపల 160 ఉంటే మీకు మిగిలేది 144, కాబట్టి 155 మి.మీ. టవర్ కూలర్ పెడితే పక్క రేకు మూసుకోదు. గ్రాఫిక్స్ కార్డు పొడవుకి అడ్డొచ్చేది హార్డ్ డిస్కుల బోను. దాన్ని పట్టి ఉంచే రివెట్ తల మీద 4 మి.మీ. డ్రిల్లు బిట్ పెట్టి తిప్పితే తల ఊడొస్తుంది. బిట్ రేకులోకి దిగితే బెజ్జం పెద్దదై, మళ్లీ 3.2 మి.మీ. రివెట్ నిలవదు, అప్పుడు 4 మి.మీ.ది వెయ్యాలి. బోను తీసేశాక ముందు భాగం అటూ ఇటూ ఊగుతుంది. అందుకని అడుగున ఒక అల్యూమినియం ఎల్ యాంగిల్ ముక్క బిగించండి. 16 పిన్నుల పవర్ కనెక్టర్ ఉన్న కార్డైతే, కనెక్టర్ నుంచి కనీసం 35 మి.మీ. దాకా తీగ వంచకూడదు. పక్క రేకు దాన్ని నొక్కేస్తోందేమో చూసుకోండి.

ఇక గాలి. ఎక్కువమంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది. లోపలి రేకుకి 120 మి.మీ. ఫ్యాను బెజ్జం చక్కగా కోస్తారు, దాని ముందుండే ప్లాస్టిక్ ముఖాన్ని ముట్టుకోరు. ఫ్యాను బెజ్జం వైశాల్యం సుమారు 105 చదరపు సెం.మీ. ప్లాస్టిక్ ముఖం అడుగున ఉండే సందు 15 సెం.మీ. పొడవు, ఒక సెం.మీ. వెడల్పు అనుకుంటే 15 చదరపు సెం.మీ. ఏడో వంతు. అక్కడ ఎంత మంచి ఫ్యాను పెట్టినా మోత తప్ప గాలి రాదు.

దీనికి రేకు కొయ్యక్కర్లేని దారి ఒకటుంది, ముందు దాన్నే చూడండి. సీడీ డ్రైవుల అరలు మూడు వరసగా ఉంటే వాటి ఎత్తు సుమారు 126 మి.మీ., అంటే 120 మి.మీ. ఫ్యాను సరిగ్గా కూర్చుంటుంది. మూడు మూతలూ, వాటి వెనక రేకు బిళ్లలూ తీసి, మూతల చోట చిల్లుల జాలీ పెట్టండి. ఒక్కో మూత సుమారు 62 చదరపు సెం.మీ. జాలీలో అరవై శాతం ఖాళీ అనుకున్నా మూడూ కలిపి 110 దాటుతుంది. ఫ్యానుకి కావలసింది వచ్చేసినట్టే.

అరలు లేకపోతే కోత తప్పదు. కేసులో ఉన్నవన్నీ విప్పి బయట పెట్టాకే డ్రిల్లు పట్టాలి. రేకు మీద మాస్కింగ్ టేపు అతికించి దాని మీద గీయండి. ముందు నాలుగు మూల బెజ్జాలు 105 మి.మీ. దూరంలో, 4.5 మి.మీ. బిట్‌తో వెయ్యాలి. మధ్య బెజ్జం ముందు కోస్తే రేకు ఊగి మూలలు తప్పుతాయి. మధ్యలో 114 మి.మీ. హోల్ సా (డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం) చాలు. అతి తక్కువ వేగం, ఒక చుక్క నూనె. పళ్లు రేకు దాటే క్షణంలో పట్టేసి డ్రిల్లు మణికట్టుని తిప్పేస్తుంది, అందుకే పక్క పిడి తప్పనిసరి. జిగ్ సా వాడితే అంగుళానికి 24 పళ్లకి తగ్గని బ్లేడు వేసి, రేకు కింద 6 మి.మీ. ప్లైవుడ్ బిగించండి. లేకపోతే రేకు దడదడలాడి చిరుగుతుంది. ఇవేవీ లేకపోతే ఆటోనగర్‌లో రేకు పని చేసే షెడ్డుకి గీసిన కేసు పట్టుకెళ్లండి.

కోసినప్పుడు రాలే ఇనుప రజను విషయంలో చాలా జాగ్రత్త. ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి మూలమూలలా తిప్పండి. కవరు తిరగేస్తే రజనంతా అందులోనే రాలిపోతుంది. కవరు లేకపోతే అయస్కాంతం నుంచి అది జన్మలో వదలదు. బోర్డు కింద మిగిలిన ఒక్క తునక చాలు షార్ట్ అవడానికి. బోర్డు బెజ్జం లేనిచోట మిగిలిపోయిన స్టాండాఫ్ కూడా అంతే ప్రమాదం.

కోసిన అంచు చూడండి, ఇక్కడ మెరుస్తోంది. ఈ కేసు రేకుకి జింకు పూత ఉంది, కోసిన చోట అది లేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీరు పడుతుంది. మన తీరంలో చాలా పొద్దులు ఆ హద్దు దాటేవే. కాబట్టి అదే రోజు అంచుని ఆకురాయితో నున్న చేసి, 320 నంబరు సాండ్ పేపర్ పట్టి, థిన్నర్‌తో తుడిచి, జింక్ ఫాస్ఫేట్ లేదా ఎపాక్సీ ప్రైమర్ వెయ్యండి. గేట్లకి వేసే మామూలు రెడ్ ఆక్సైడ్ జింకు పూత మీద కొన్నాళ్లకి పెచ్చులూడుతుంది. తర్వాత రంగు పలచగా రెండు కోట్లు. తెల్లవారుజామున, చీకటి పడ్డాక స్ప్రే చెయ్యొద్దు, తేమకి రంగు పాలిపోతుంది. మిట్టమధ్యాహ్నం నయం. పైన కారు తలుపులకి వేసే రబ్బరు బీడింగు తొడిగితే తీగలు తెగవు. స్టాండాఫ్‌లు, పవర్ సప్లై స్క్రూలు తగిలే చోట మాత్రం రంగు పడనివ్వకండి, ఎర్తింగ్ అక్కడి నుంచే.

పాత పవర్ సప్లై వాడొద్దు. అవి 5 వోల్టుల మీద బలంగా ఉండేవి, ఇప్పటి బరువంతా 12 వోల్టుల మీదే. పాత పవర్ ఎల్‌ఈడీ కనెక్టర్‌కి మూడు గదులుంటాయి, కొత్త బోర్డుకి రెండు పిన్నులే. ప్లాస్టిక్ నాలుకని సూదితో లేపి పిన్ను పక్క గదిలోకి జరపండి. ముందు యూఎస్‌బీ తీగలు విడివిడిగా ఉంటే రంగుల్ని నమ్మకండి, మల్టీమీటర్‌తో చూసుకోండి. 5 వోల్టులూ గ్రౌండూ తారుమారైతే పెట్టిన పెన్ డ్రైవ్ కాలిపోతుంది.

అన్నీ బిగించాక అరగంట పూర్తి లోడు మీద నడిపి ఉష్ణోగ్రత రాసుకోండి. పక్క రేకు తీసి మళ్లీ అరగంట. 5 డిగ్రీల కంటే ఎక్కువ తగ్గితే లోపలికి గాలి చాలట్లేదు. అప్పుడు ప్లాస్టిక్ ముఖం ఊడదీసి, పక్క రేకు మూసి, మూడోసారి చూడండి. ఈసారి తగ్గితే లోపం ప్లాస్టిక్ ముఖానిదే, ఇంకో ఫ్యాను కొనక్కర్లేదు. రండి, ఈ కేసుకి ముందుగా ఈ పరీక్షే చేద్దాం.