పోలో మీద జీటీఐ బ్యాడ్జ్: నిజమో కాదో చూడటం, పెయింట్ చెడకుండా తీయడం

నమస్తే అండీ. ఇదిగో, ఈ ఎర్ర పోలో చూడండి. డిక్కీ మీద కుడివైపు జీటీఐ, అంటే పోలోలో బాగా పవర్ ఉన్న మోడల్ పేరు. ముందుకు రండి, గ్రిల్‌లో ఇంకో జీటీఐ. ఇప్పుడు కెమెరా పక్కకి తిప్పుతున్నా, తలుపులు లెక్కపెట్టండి. ముందు రెండు, వెనక రెండు, డిక్కీతో ఐదు. అక్కడితో సంగతి తేలిపోయింది. ఫోక్స్‌వ్యాగన్ మన దేశంలో పోలో జీటీఐని 2016లో తెచ్చింది. తెచ్చింది మూడు డోర్ల కారు, అదీ 99 మాత్రమే. 1.8 లీటర్ టర్బో పెట్రోల్, 192 పీఎస్ పవర్. అందుకని ఇక్కడి షోరూమ్‌లో అమ్మిన ఐదు డోర్ల పోలో మీద జీటీఐ అని కనిపిస్తే, అది తర్వాత ఎవరో అంటించిందే.

ఈ కారులో ఉన్నది 1.2 పెట్రోల్, మూడు సిలిండర్లు, 75 పీఎస్. మంచి ఇంజనే, సిటీకి హాయిగా సరిపోతుంది. కానీ జీటీఐ కాదు. బ్యాడ్జ్ అంటే కారు మీద రాసిన మాట అండీ. బానెట్ ఎత్తకుండానే లోపల ఏముందో చెప్పే మాట. ఆ మాట తప్పైతే రేపు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు దానికీ డబ్బు కడతాడు. అందుకే ఈ వీడియోలో రెండు పనులు. ఒకటి, బ్యాడ్జ్ నిజమో కాదో చూడటం. రెండు, కాదని తేలితే పెయింట్‌కి ఏమీ కాకుండా తీసేయడం.

చూడటం ముందు. ఆర్సీ తీయండి, లేదా ఎం పరివాహన్ యాప్‌లో చూడండి. క్యూబిక్ కెపాసిటీ అని ఉంటుంది, అంటే ఇంజన్ సైజు, సీసీల్లో. ఈ కారుకి 1198. జీటీఐ అయితే 1798 ఉండాలి. తేలిపోయింది. కానీ ప్రతిసారీ ఇంత తేలిగ్గా తేలదు, ఇక్కడ కాస్త జాగ్రత్త. పోలోలోనే జీటీ టీఎస్ఐ అని ఇంకో మోడల్ ఉంది, అది 2013లో వచ్చింది. 1.2 టర్బో, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాని సీసీ ఎంతో తెలుసా? 1197. మామూలు పోలోది 1198. ఒక్క సీసీ తేడా! ఆర్సీ చూసి "ఆ, పన్నెండొందలు, సరిపోయింది" అనుకుంటే దెబ్బతింటాం. అక్కడ చూడాల్సింది గేర్‌బాక్స్. ఆ 1.2 జీటీ టీఎస్ఐ డీఎస్‌జీతోనే వచ్చింది. కాలి కింద మూడు పెడల్స్ ఉండి, డిక్కీ మీద జీటీ టీఎస్ఐ అని ఉంటే ఆ అక్షరాలు ఫ్యాక్టరీవి కావు.

ఇంకా గట్టి రుజువు కావాలంటే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో డిక్కీ కార్పెట్ ఎత్తండి. స్టెప్నీ గుంత దగ్గర మామూలుగా ఒక తెల్ల స్టిక్కర్ ఉంటుంది, ఇదిగో ఇలా. ఇంజన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, పెయింట్ కోడ్ అన్నీ దాని మీదే. సర్వీస్ బుక్‌లో కూడా అదే స్టిక్కర్ అంటిస్తారు. రెండూ కలిశాయా లేదా పోల్చుకోండి. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే ఛాసిస్ నంబర్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి.

మిగతా కార్ల సంగతి గబగబా చెప్పేస్తా. హోండా సిటీ మీద ఎర్ర హెచ్ లోగో. ఎర్ర హెచ్ అంటే టైప్ ఆర్, హోండాలో రేసింగ్ తరహా మోడల్. 1992లో హోండా ఎన్ఎస్ఎక్స్ స్పోర్ట్స్ కారుతో మొదలైన పేరు అది. సిటీలో టైప్ ఆర్ లేదు. బీఎండబ్ల్యూ 330ఐ మీద ఎం340ఐ అక్షరాలు: 330ఐ రెండు లీటర్ల నాలుగు సిలిండర్లు, ఎం340ఐ మూడు లీటర్ల ఆరు సిలిండర్లు. ఆర్సీలో 1998 ఉందా, 2998 ఉందా చూస్తే చాలు. అయితే ఫెండర్ మీద చిన్న ఎం బ్యాడ్జ్ ఉందని మాత్రం ఎవరినీ తప్పుపట్టకండి. ఎం స్పోర్ట్ ప్యాకేజీ కార్లకు దాన్ని కంపెనీయే పెడుతుంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కూడా అంతే. ఫ్యాక్టరీ ఇచ్చిన బ్యాడ్జ్ ఉండాల్సిందే, దాన్ని తీయొద్దు.

ఒక్కదాని దగ్గర మాత్రం ఆగాలి. రెండు చక్రాల డ్రైవ్ థార్ మీద 4x4 అక్షరాలు, అంటే నాలుగు చక్రాలూ తిప్పే బండి అని. జీటీఐ బ్యాడ్జ్ తప్పైతే పోయేది డబ్బే. 4x4 తప్పైతే, దాన్ని నమ్మి సకలేశ్‌పుర బురదలో దింపినవాడు అక్కడే ఇరుక్కుపోతాడు. చూడటం తేలిక. గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉండాలి. లేదా కింద పడుకుని చూడండి, ముందు చక్రాల వైపు ఒక షాఫ్ట్ వెళ్తూ కనిపించాలి. అది లేకపోతే 4x4 లేదు, అంతే.

సరే, తీయడానికి వద్దాం. కావాల్సినవి టేబుల్ మీద పెట్టా. హెయిర్ డ్రయ్యర్, చేపలు పట్టే నైలాన్ దారం, మాస్కింగ్ టేప్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, క్లే బార్, రబ్బింగ్ కాంపౌండ్, ఫైన్ పాలిష్. డెంటల్ ఫ్లాస్ వాడొచ్చు అని చాలామంది చెబుతారు, వాడొచ్చు. కానీ ఫ్లాస్ చివికి మధ్యలో తెగుతుంది, మైనం పూసిన రకమైతే ఆ మైనం జిగురులో కలిసి ఇంకో తలనొప్పి. అర మిల్లీమీటర్ నైలాన్ దారం అయితే మొత్తం బ్యాడ్జ్‌కి ఒక్క ముక్క చాలు. నా ఓటు దానికే.

కారు కడిగేయండి, ఆరబెట్టండి. బ్యాడ్జ్ అంచుల్లో పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, అక్కడ ఇసుక ఉంటే తర్వాత దారంతో పాటు అదే పెయింట్‌ని గీస్తుంది. బోరు నీళ్ళతో కడిగితే వెంటనే తుడిచేయండి, తెల్ల మచ్చలు పడతాయి. చుట్టూ మాస్కింగ్ టేప్ వేయండి. అయిపోయింది.

ఇప్పుడు అసలు చోటు. దారం పెట్టేముందు ఈ బ్యాడ్జ్ వెనక పిన్నులున్నాయా లేదా తెలుసుకోవాలి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చెబుతా. బ్యాడ్జ్‌లు రెండు రకాలు. ఒకటి కేవలం టేప్ మీద నిలబడేది. రెండోది వెనక రెండు పిన్నులుండి, రేకులో రెండు రంధ్రాల్లో కూర్చునేది. బీఎండబ్ల్యూ గుండ్రటి లోగో రెండో రకం. రంధ్రాల్లో ప్లాస్టిక్ బుష్‌లు, వాటిలో పిన్నులు. పిన్నులున్నదాన్ని టేప్ రకం అనుకుని పక్కకి తిప్పినా, బలవంతంగా లాగినా, పిన్ను విరిగి లోపల ఉండిపోతుంది, లేదా రంధ్రం అంచు దగ్గర పెయింట్ పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు దగ్గర తుప్పు మొదలవుతుంది.

మరి ఎలా తెలుస్తుంది? డిక్కీ తెరిచి లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీసి టార్చ్ వేసి చూడండి. రంధ్రం గానీ, పిన్ను కొస గానీ, నట్టు గానీ కనిపిస్తుందా? ఇదిగో, ఈ కారులో చూడండి, జీటీఐ అక్షరాల వెనక రేకు శుభ్రంగా ఉంది. అంటే టేప్ ఒక్కటే. ప్యానెల్ తీయలేకపోతే రెండో గుర్తు దారమే. సాఫీగా తెగుతూ వచ్చిన దారం ఒక చోట ఠక్కున ఆగిందా? అటు పక్క నుంచి వచ్చి చూడండి. మళ్ళీ ఇంకో చోట ఆగిందా? అది పిన్ను. ఇక తిప్పొద్దు, చుట్టూ జిగురు కోసేసి నిటారుగా బయటికి లాగండి. ఇంకో మాట, పోలో డిక్కీ మీద గుండ్రటి ఫోక్స్‌వ్యాగన్ లోగో జోలికి వెళ్ళొద్దు. అది బ్యాడ్జ్ మాత్రమే కాదు, డిక్కీ తెరిచే హ్యాండిల్ కూడా.

వేడి. డ్రయ్యర్ పదిహేను సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఒకే చోట ఆపకుండా తిప్పుతూ నిమిషం, నిమిషంన్నర. చేయి పెట్టి చూడండి. వేడిగా ఉండాలి, కానీ చేయి ఆనించి ఉంచగలగాలి. హీట్ గన్ వద్దనే అంటాను. రెండు సెకన్లు ఎక్కువైతే పెయింట్ బొబ్బ లేస్తుంది, బంపర్ ప్లాస్టిక్ అయితే వంగిపోతుంది.

దారం అరవై సెంటీమీటర్ల ముక్క. రెండు కొసలూ రెండు పెన్నులకు చుట్టండి, లేకపోతే వేళ్ళు కోసుకుపోతాయి. బ్యాడ్జ్ పైఅంచు వెనకకి దూర్చి, రంపం కోసినట్టు ఇటూ అటూ. దారాన్ని పెయింట్ వైపు నొక్కొద్దు, బ్యాడ్జ్ వైపే ఆనించండి. ఫోమ్ టేప్ మధ్యలో చీలాలి. సగం జిగురు కారు మీద మిగిలినా ఫర్వాలేదు, అది తర్వాత వస్తుంది. గట్టిగా ఉంటే మళ్ళీ వేడి. స్క్రూడ్రైవర్, బ్లేడ్, ఇంట్లో చాకు, ఏవీ వద్దు. ఇదిగో, జీ వచ్చింది... టీ... ఐ. అయిపోయింది.

మిగిలిన బంక. మళ్ళీ కాస్త వేడి చేసి, బొటనవేలితో ఒక పక్క నుంచి నలుపుతూ ఉండలు చేయండి. చాలావరకు ఇలాగే లేచిపోతుంది. మిగిలింది ఐసోప్రొపైల్ తడి గుడ్డతో. గుడ్డని ముందు అర నిమిషం బంక మీద పరిచి నాననివ్వండి, తర్వాత తుడవండి. కిరోసిన్ కూడా పనిచేస్తుంది, కానీ నూనె పొర మిగులుతుంది, షాంపూతో కడగాలి. థిన్నర్ మాత్రం వద్దు. ఆ ప్యానెల్‌కి ఇదివరకు బయట గ్యారేజ్‌లో పెయింట్ వేయించి ఉంటే థిన్నర్ దాన్ని మెత్తబరచి లాగేస్తుంది.

ఇప్పుడు లైట్ పక్క నుంచి వేస్తున్నా, చూడండి. అక్షరాలు పోయాయి, కానీ జీటీఐ అచ్చు కనిపిస్తూనే ఉంది! ఎందుకంటే బ్యాడ్జ్ కింద పెయింట్‌కి ఎండ తగల్లేదు. చుట్టూ ఉన్నది వెలిసింది. ఎరుపులో, నలుపులో ఇది బాగా కనిపిస్తుంది, తెలుపులో, సిల్వర్‌లో తక్కువ. అంటే అచ్చు ఉన్నచోట పెయింట్ బాగుంది, పాడైంది చుట్టుపక్కల. కాబట్టి అక్షరం ఉన్నచోటే రుద్దుతూ కూర్చుంటే లాభం లేదు. దాని చుట్టూ అడుగు చదరం తీసుకోండి.

నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు చేయండి. ముందు క్లే బార్, అంటే పెయింట్ మీద అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద, తడి మీద. తర్వాత ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత కాంపౌండ్, మూడు చుక్కలు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, మధ్యస్థంగా నొక్కుతూ. తుడిచి చూడండి. రెండు మూడు సార్లు పట్టొచ్చు. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో పైన ఉండే రంగులేని పొర, క్లియర్ కోట్, మూడో వంతు. అందుకే బాడీ మడత అంచుల మీద అసలు రుద్దకండి, అక్కడ పొర పలచగా ఉంటుంది, ఇట్టే పోతుంది. చివర్లో ఫైన్ పాలిష్, ఆపైన వాక్స్. ఇటు చూడండి ఇప్పుడు. పక్క వెలుతురులో కూడా దాదాపు పోయింది.

ఒకవేళ గోరు పెట్టి గీస్తే అచ్చు అంచు తగిలిందా? అప్పుడు అది ఎండ తేడా కాదు. బ్యాడ్జ్ తీయకుండా దాని మీదుగానే ఎవరో పెయింట్ కొట్టారు. అది పాలిష్‌తో పోదు, పెయింటర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నప్పుడు ఈ గోరు పరీక్ష గుర్తుంచుకోండి, డిక్కీకి మళ్ళీ పెయింట్ పడిందంటే వెనక దెబ్బ తగిలి ఉండొచ్చు.

గ్రిల్‌లో బ్యాడ్జ్‌కి జిగురు ఉండదు. వెనక ఒక పట్టీ, రెండు స్క్రూలు. చేయి పెట్టి పట్టీ పట్టుకుని స్క్రూలు విప్పండి, లేకపోతే పట్టీ రేడియేటర్ ముందు ఎక్కడో పడిపోతుంది. కొన్ని చోట్ల డిక్కీ రేకుకే రంధ్రాలు కొట్టి బ్యాడ్జ్ బిగిస్తారు. అలా ఉంటే తుప్పు గీకి, జింక్ ప్రైమర్, టచప్ పెయింట్, ఆరాక రంధ్రం మూసే రబ్బర్ గ్రామెట్. రంధ్రాన్ని ఖాళీగా వదిలితే మొదటి వానకే డిక్కీలో నీళ్ళు.

కంపెనీ ఇచ్చిన అక్షరాలు ఎవరో పీకేసి ఉంటే తిరిగి పెట్టుకోండి. అదే మోడల్ కారు ఇంకొకటి చూసి, డిక్కీ అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లో టేపుతో కొలవండి, మాస్కింగ్ టేప్‌తో గీత వేయండి. ఆల్కహాల్‌తో తుడిచి, వీహెచ్‌బీ టేప్ (రెండు వైపులా గట్టి జిగురున్న టేప్) వేసి ఒక్కో అక్షరాన్ని ఇరవై సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆ జిగురు పూర్తి బలానికి రావాలంటే 72 గంటలు. అంతవరకు ప్రెజర్ వాష్ వద్దు. వానాకాలంలో అయితే రేకు మీద తేమ లేదని చూసుకుని అంటించండి.

తీసిన జీటీఐ ముక్కలు ఉన్నాయి కదా, వాటిని బెంగళూరు జేసీ రోడ్డులో కారు సామాన్లు అమ్మే షాపుకి తిరిగి ఇవ్వకండి, ఎవరికీ ఇవ్వకండి. కటింగ్ ప్లయర్‌తో ఇలా... రెండు ముక్కలు. చెత్తబుట్టలోకి.