ఆనవాళ్లు సరిపోతాయా? తప్పిపోయిన బిడ్డ ఎవరో తేల్చే పద్ధతి

శ్రోతలకు నమస్కారం.

ఎప్పుడో తప్పిపోయిన బిడ్డ దొరికాడని కబురొస్తుంది. ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. 4 ఏళ్లప్పుడు పోయినవాడు ఇప్పుడు మీసకట్టు వచ్చిన కుర్రాడు. తల్లి అతని ముఖం తడుముతుంది, చెవి వెనక మచ్చ వెతుకుతుంది, గుండెకు హత్తుకుని ఏడుస్తుంది. ఆ సమయంలో "కాస్త ఆగమ్మా, ముందు పరీక్ష చేయిద్దాం" అనడానికి ఎవరికి నోరొస్తుంది? అయినా అనాలి. వీలైతే వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోకముందే అనాలి. ఎందుకంటారా? నూరేళ్లు దాటిన ఒక కేసు చెబుతాను, వినండి.

1912 ఆగస్టు. అమెరికాలోని లూసియానా రాష్ట్రం. ఒక కుటుంబం ఊరి బయట సరస్సు దగ్గరికి విడిదికి వెళ్లింది. అక్కడ వాళ్ల 4 ఏళ్ల కొడుకు బాబీ డన్‌బార్ కనిపించకుండా పోయాడు. సరస్సంతా గాలించారు. మొసళ్లను పట్టి పొట్టలు చీల్చి చూశారు. బిడ్డ జాడ లేదు. అప్పుడు ఆనవాళ్లు రాసిన కార్డులు అచ్చువేయించి చుట్టుపక్కల రాష్ట్రాలకు పంపారు. గుండ్రటి నీలి కళ్లు, లేత రంగు జుట్టు, ఎడమ కాలి బొటనవేలి మీద పసితనంలో కాలిన మచ్చ. ఈ మచ్చ సంగతి గుర్తుంచుకోండి.

8 నెలలు గడిచాయి. 1913 ఏప్రిల్‌లో, పక్కనున్న మిసిసిపీ రాష్ట్రంలో, ఊరూరా తిరుగుతూ వాద్యాలు బాగుచేసే వాల్టర్స్ అనే మనిషి దగ్గర అదే వయసు పిల్లవాడు కనిపించాడు. వాల్టర్స్‌ని పట్టుకున్నారు. "వీడు బ్రూస్. మా వాళ్ల దగ్గర పనిచేసే జూలియా ఆండర్సన్ కొడుకు. ఆమె ఒప్పుకునే నాతో పంపింది" అన్నాడు. ఎవరూ వినలేదు. బాబీ తల్లిని పిలిపించారు. ఆ మొదటి చూపు ఎలా సాగిందో అప్పటి పత్రికలే రెండు రకాలుగా రాశాయి. పిల్లవాడు "అమ్మా" అంటూ వచ్చాడని ఒక పత్రిక, పిల్లవాడు ఏడ్చాడని, తల్లి తేల్చుకోలేకపోయిందని మరో పత్రిక. మర్నాడు స్నానం చేయించి, మచ్చలు చూసి, "నా బిడ్డే" అంది ఆమె. ఊరంతా సంబరంగా ఇంటికి తీసుకొచ్చింది.

తర్వాత జూలియా ఆండర్సన్ వచ్చింది. కొడుకును చూసి ఏడాది దాటింది ఆమెకు. 5 గురు పిల్లల్ని వరసగా చూపించి, వీళ్లలో నీ కొడుకెవడో చెప్పమన్నారు. ఆమె తడబడింది. ఆ తడబాటే ఆమెకు శత్రువైంది. మర్నాడు బట్టలు విప్పి చూసి వీడేనంది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. పెళ్లి కాకుండా పిల్లల్ని కన్నదని పత్రికలు ఆమె నడతను ఎత్తిచూపాయి. కోర్టుకెక్కడానికి చేతిలో డబ్బు లేదు. వెళ్లిపోయింది.

ఇద్దరు తల్లులూ చేసింది ఒకటే, గమనించండి. ఆ రెండో పత్రిక రాసింది నిజమైతే ఇద్దరూ మొదటి రోజు తటపటాయించారు, ఇద్దరూ రెండో రోజు ఒంటి మీద గుర్తులు చూసి నా బిడ్డే అన్నారు. ఒకరి మాట చెల్లింది, ఒకరి మాట చెల్లలేదు. పైగా బాబీ తప్పిపోవడానికి ముందే ఈ పిల్లవాణ్ని వాల్టర్స్ వెంట చూశామని మిసిసిపీ జనం సాక్ష్యం చెప్పారు. నా లెక్కలో ఆ కేసు మొత్తంలో గట్టి సాక్ష్యం అదే, ఎందుకంటే అది ముఖం మీద కాకుండా తేదీ మీద నిలబడిన సాక్ష్యం. దాన్ని పక్కన పెట్టేశారు. 1914లో వాల్టర్స్‌కి పిల్లవాణ్ని ఎత్తుకెళ్లిన నేరం కింద శిక్ష పడింది. రెండేళ్లు జైల్లో ఉన్నాక అప్పీలు నెగ్గి బయటికొచ్చాడు. పిల్లవాడు బాబీ డన్‌బార్‌గానే పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, 1966లో కన్నుమూశాడు.

2004లో అతని కొడుకూ, అసలు బాబీ తమ్ముడి కొడుకూ డీఎన్ఏ పరీక్షకు ఒప్పుకున్నారు. వాళ్లిద్దరూ ఒకే తాత మనవళ్లయితే రక్తసంబంధం కనిపించి తీరాలి. కనిపించలేదు. డన్‌బార్ ఇంట్లో పెరిగిన ఆ పిల్లవాడు డన్‌బార్ బిడ్డ కాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ పరీక్ష చెప్పింది "కాదు" అని మాత్రమే. అతను బ్రూసేనని ఆ పరీక్ష చెప్పలేదు. ఆ మాట మనం ఇతర సాక్ష్యాలను బట్టి అనుకోవాలి. మరి అసలు బాబీ ఏమయ్యాడు? తెలియదు. మరో బిడ్డను ఇంటికి తెచ్చుకున్న రోజునే అసలు బిడ్డ కోసం వెతకడం ఆగిపోయింది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. పొరపాటున "అవును" అంటే ఒక తల్లికి బిడ్డ దక్కకుండా పోతాడు, మరో తల్లి బిడ్డను వెతికేవాళ్లే ఉండరు.

ఇప్పుడు మచ్చ సంగతికొద్దాం. కాలి మచ్చ గురించి కార్డు మీద అచ్చువేసి ఊరూరా పంచాక, దాన్ని పట్టుకుని వెతికేవాడికి ఏ గీత చూసినా మచ్చలాగే కనిపిస్తుంది. అసలు మచ్చలు నిలకడగా ఉండవు. కాలిన మచ్చ ఒంటితో పాటు సాగి పలచబడుతుంది. పుట్టుమచ్చలు కొత్తవి వస్తాయి, పాతవి మాసిపోతాయి. జుట్టు రంగు ముదురుతుంది. ఎముకల ఎక్స్‌రేతో వయసు లెక్కకట్టినా ఏడాది రెండేళ్లు అటూఇటూ అవుతుంది. మారనివి వేలిముద్రలు. అవి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, జీవితాంతం అలాగే ఉంటాయి. బిడ్డ వేలిముద్రలు ముందే ఎక్కడైనా తీసి ఉంటే పని సులువు. లేకపోతే డీఎన్ఏ.

డీఎన్ఏ అనగానే ల్యాబ్ అంతా చూసుకుంటుందనుకుంటాం. పోల్చడానికి రెండు వైపులా నమూనా ఉండాలి. దొరికిన మనిషిది ఒకటి, కుటుంబానిది ఒకటి. దొరికిన మనిషి ఎదురుగా ఉంటాడు. కుటుంబం నమూనా మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ చేజారిపోతుంది. తల్లి పోవచ్చు, తండ్రి పోవచ్చు. అందుకే ఈ రోజు ప్రసంగంలో నేను నొక్కి చెప్పదలచిన పని ఇదొక్కటే: నమూనా ఇప్పుడే ఇవ్వండి. బిడ్డ దొరికాక ఇద్దామని ఆగకండి.

ఎవరివ్వాలి? తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటే అంతకు మించింది లేదు. ల్యాబ్‌లో సాధారణంగా డీఎన్ఏలో 20కి పైగా చోట్ల పోలుస్తారు. ప్రతి చోటా బిడ్డకు రెండు గుర్తులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి రెండు చోట్ల కుదరకపోతే తరం మారేటప్పుడు వచ్చిన చిన్న మార్పు కావచ్చు. 3 చోట్లో, అంతకన్నా ఎక్కువో కుదరకపోతే మామూలుగా "కాదు" అనే తేలుస్తారు. తల్లి ఒక్కతే ఉంటే కొంచెం చిక్కు. వేలమంది నమూనాల్లో వెతికినప్పుడు ఏ సంబంధమూ లేని మనిషి కూడా యాదృచ్ఛికంగా సరిపోయినట్టు కనిపించవచ్చు. తల్లి సొంత చెల్లెలు కూడా తల్లికి దగ్గరగానే వస్తుంది. అప్పుడు మరిన్ని చోట్లు పరీక్షించాలి, మరో బంధువును కలుపుకోవాలి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు కదా, చాలదా అని అడుగుతారు. ఒక్కరితో చాలకపోవచ్చు. ఒకే తల్లిదండ్రుల పిల్లల మధ్య కూడా సగటున నాలుగో వంతు చోట్ల ఉమ్మడిగా సంక్రమించినది ఒక్కటీ ఉండదు. ఇద్దరు ముగ్గురు తోబుట్టువులు ఇస్తే ఫలితం గట్టిపడుతుంది. బిడ్డకు అచ్చుగుద్దినట్టుండే ఏకరూప కవల ఉంటే మాత్రం ఆ కవల నమూనా బిడ్డ నమూనాతో దాదాపు సమానం.

తల్లి లేకపోతే అమ్మమ్మ, మేనమామ, తల్లి అక్కచెల్లెళ్లు ఇవ్వవచ్చు. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ వాళ్లందరిలో ఒకటే. బిడ్డ మగవాడైతే నాన్నగారి నాన్న, నాన్నగారి అన్నదమ్ములు ఇవ్వవచ్చు, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ కలుస్తుంది. అయితే ఈ రెండూ వంశాన్ని చెబుతాయి, మనిషిని చెప్పవు. కలవకపోతే "కాదు" అనడానికి గట్టి ఆధారం. కలిస్తే "కావచ్చు" అనడానికే పనికొస్తాయి.

తల్లిదండ్రులిద్దరూ లేకపోయినా దారి ఉందని ప్రపంచానికి చూపించింది అర్జెంటీనా అమ్మమ్మలు, నానమ్మలు. 1976లో అక్కడ సైన్యం అధికారం పట్టింది. వేలమందిని మాయం చేసింది, వాళ్ల పసిబిడ్డల్ని వేరే ఇళ్లకు ఇచ్చేసింది. ఆ బామ్మలు 1977లో ఒక సంఘంగా కలిశారు. తల్లీ తండ్రీ లేరు, మా రక్తంతో మనవడెవరో తేల్చగలరా అని శాస్త్రవేత్తల గుమ్మాలెక్కి అడిగారు. మేరీ క్లెయిర్ కింగ్ వంటి జన్యుశాస్త్రవేత్తలు దానికి లెక్క కట్టారు. ఆ పద్ధతితో 1984లో మొదటి పాప ఎవరో తేలింది. 1987లో చట్టం చేసి జాతీయ జన్యు బ్యాంకు పెట్టారు. మనవలు దొరికే నాటికి తాము ఉండకపోవచ్చని తెలిసే ఆ బామ్మలు తమ రక్తాన్ని అక్కడ దాచారు. ఇంతకన్నా ముందుచూపు నాకు తెలియదు.

ఇవ్వడం ఎలాగంటే, చాలా తేలిక. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు, పొగ తాగకూడదు. ల్యాబ్ మనిషి చేతి తొడుగులు వేసుకుని, దూది చుట్టిన పుల్లతో చెంప లోపలి వైపు సుమారు అర నిమిషం రుద్దుతారు. ఒకటికి రెండు పుల్లలు తీస్తారు. పుల్లలు గాలికి ఆరాక కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్ వద్దు. తడి లోపలే ఉండిపోతే సూక్ష్మజీవులు పెరిగి డీఎన్ఏను పాడుచేస్తాయి. కవర్ మీద పేరు, తేదీ, బిడ్డకు ఏమవుతారో రాసి, మూసి, సీలు వేసి సంతకం చేయించాలి. ఇంట్లో సొంతంగా చేసుకునే కిట్టు మనసుకు ఊరట ఇస్తుందేమో గానీ, ఎవరి నమూనా అన్నది రుజువు కాదు గనక కోర్టులో నిలవడం కష్టం.

ఎముక మజ్జ మార్పిడి జరిగినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వాళ్ల రక్తంలో దాత డీఎన్ఏ ఉంటుంది, చెంప నమూనాలో కూడా కలవచ్చు. పెంచిన తండ్రి వేరు, కన్న తండ్రి వేరు అయితే అది కూడా రహస్యంగానైనా చెప్పాలి. దాచిపెడితే నిజమైన బిడ్డనే "కాదు" అనే ప్రమాదం ఉంది. చెప్పడం ఎంత కష్టమో తెలుసు. అయినా చెప్పాలి.

బిడ్డ వాడిన వస్తువులు ఉంటే ఉతకకండి, తుడవకండి. పాలపళ్లు, వాడిన టూత్‌బ్రష్, కుదుళ్లతో ఊడిన వెంట్రుకలు పనికొస్తాయి. కత్తిరించిన జుట్టు అంతగా పనికిరాదు. నలుగురు వాడిన దువ్వెనలో అందరిదీ కలిసిపోతుంది. పుట్టగానే మడమ నుంచి రక్తపు చుక్కలు తీసి కాగితం మీద ఆరబెట్టే పరీక్ష చేసి ఉంటే, ఆ కార్డు ఇంకా దాచారేమో ఆసుపత్రిని వెంటనే అడగండి. దాచే గడువు తీరితే పారేస్తారు. అది దొరికితే బంధువులతో లెక్కలే అక్కర్లేదు, బిడ్డను బిడ్డతోనే పోల్చవచ్చు.

ఇంకొకటి. ఎవరికీ చెప్పని రెండు మూడు గుర్తులు కాగితం మీద రాసి, తేదీ వేసి, మూసిన కవర్లో దర్యాప్తు అధికారికి ఇవ్వండి. పత్రికలకు చెప్పకండి, బంధువులకూ చెప్పకండి. దొరికిన మనిషికి పాత ఫోటోలు చూపించి "గుర్తొచ్చిందా" అని అడగకండి, ముందు తనంతట తాను చెప్పనివ్వండి, చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాయించండి.

నమూనా ఇచ్చాక మీకు కేసు నంబరు, నమూనా నంబరు వస్తాయి. రెండూ ఇంట్లో చిన్నవాళ్లకు కూడా తెలిసేలా రాసి ఉంచండి. ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా, నమూనా ఇచ్చిన చోట మార్పించండి. పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో కంప్యూటర్‌లో జత కుదిరినప్పుడు అధికారి ముందు వెతికేది ఆ ఫోన్ నంబరునే.

నమస్కారం.