గోడకీ చెక్కకీ మధ్య కాస్త సందు

(విశ్వకర్మ జయంతి రోజున హైదరాబాద్‌లో వడ్రంగి మేస్త్రీల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మా గురువుగారి అబ్బాయికి, తోటి వడ్రంగి సోదరులకు, పిలవగానే వచ్చిన ఇళ్ల యజమానులకు, వెనకాల నిలబడ్డ టైల్స్ మేస్త్రీలకు నమస్కారం. టైల్స్ వాళ్లను విడిగా ఎందుకు తలుచుకున్నానో కాసేపట్లో తెలుస్తుంది, వెళ్లిపోకండి.

డైనింగ్ రూము నేలకి ఇంజినీర్డ్ వుడ్, అంటే పొరలు అతికించి చేసిన చెక్క పలకలు, ఎలా ఎంచుకోవాలి, ఎలా వేయాలి అన్నది నాకిచ్చిన విషయం. ఎంపిక సంగతి గబగబా చెప్పేస్తాను.

షాపులో ముక్క చేతికిస్తే పైపైన చూసి మురిసిపోవద్దు, పక్కకు తిప్పండి. అసలు సరుకైతే పైన ఓక్ అనే విదేశీ కలపో, టేకో, నిజమైన చెక్క పొర ఉంటుంది. కింద ప్లైవుడ్ పొరలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కనిపిస్తాయి. అలా అడ్డం పేర్చడం వల్లే అది మామూలు చెక్క పలకంతగా ఉబ్బదు, కుంచించుకుపోదు. అంచంతా పొట్టు అదిమినట్టు ఒకే రంగులో ఉంటే అది లామినేట్. పైన కనిపించే చెక్క ఫోటో అన్నమాట. లామినేట్ చెడ్డదని అనను, గీతలకు అదే బాగా ఆగుతుంది. కానీ ఓక్ ధర పెట్టి ఫోటో కొనడమెందుకు? పై పొర మందం అడగండి. 0.6 మి.మీ. పొరను మళ్లీ సాండింగ్ చేయలేం. 3, 4 మి.మీ. ఉంటే ఒకటి రెండుసార్లు అరగదీసి కొత్త కోటింగ్ వేసుకోవచ్చు. మూడు పూటలా కుర్చీలు జరిపే గదికి ఈ లెక్క ముఖ్యం. రంగు మరీ ముదురు వద్దు, దుమ్ము దాగదు. 12 అడుగులకు 14 అడుగుల గదంటే 168 చదరపు అడుగులు. తరుగుతో కలిపి 185 తెప్పించుకోండి.

ఇంకో మాట. విదేశీ కేటలాగు ఫోటోల్లో డైనింగ్ రూముకు వాష్ బేసిన్ ఉండదు. మన ఫ్లాట్లలో టేబుల్ పక్కనే ఉంటుంది. పప్పుచారు తిని, చేయి కడిగి, తడి విదిలించుకుంటూ వచ్చే మనిషిని ఏ వారంటీ ఆపుతుంది? బేసిన్ కింద రెండున్నర అడుగులు టైల్సే ఉంచండి. చెక్క మొదలయ్యే చోట మెటల్ పట్టీ వేయండి.

ఇక వేయడం. పెట్టెలు విప్పకుండా ఆ గదిలోనే 2, 3 రోజులు పడుకోబెట్టి ఉంచాలి. నేల మీద పాలిథిన్ షీటు పరిచి, చుట్టూ టేపు వేసి ఒక రోజు వదిలేయండి. కింద చెమ్మ పట్టిందా, పని మొదలుపెట్టొద్దు. 2 మీటర్ల తిన్నటి పట్టీ నేలకి ఆనిస్తే ఎక్కడా 3 మి.మీ. మించి ఎత్తుపల్లాలు ఉండకూడదు. ఆ తర్వాత పాలిథిన్, ఫోము...

ఇవన్నీ కాగితం మీద వరసగా రాసుకొచ్చాను. అది పక్కన పెడుతున్నాను. నా కడుపులో ఉన్నది వేరే.

ఒక ఇంట్లో మే నెలలో డైనింగ్ రూము వేశాను. నాలుగు గోడల దగ్గరా 10 మి.మీ. సందు వదిలాను, స్కర్టింగ్, అంటే గోడ అడుగున బిగించే పట్టీ, వస్తే కప్పేస్తుంది. స్కర్టింగ్ ఆలస్యమైంది. గృహప్రవేశానికి చుట్టాలు వస్తారు, సందు బాగాలేదని ఇంటివాళ్లు అన్నారట. పక్క గదిలో టైల్స్ వేస్తున్నాయన వైట్ సిమెంటు కలిపి చక్కగా పూడ్చేశాడు. చక్కగానే పూడ్చాడండీ, పనిమంతుడే! జులై వానలు పట్టాయి. గాలిలో తేమకి చెక్క వెడల్పైంది. పక్కకు జరగడానికి చోటేది? టేబుల్ కింద నేల పైకి లేచింది. గ్లాసులో మజ్జిగ ఒక పక్కకు వాలింది. నాసిరకం పని అని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పెట్టారు. బ్యాలెన్సు ఆపేశారు.

వెళ్లాను. ఏమీ మాట్లాడకుండా ఉలి తీసుకుని గోడ వారగా సిమెంటు కొట్టడం మొదలుపెట్టాను. కొంత దూరం కొట్టేసరికి పలకలు ఠప్పుమని గోడ వైపు జరిగాయి. ఆ చప్పుడుకి వంటింట్లోంచి అందరూ వచ్చి నిలబడ్డారు. వారం తిరిగేసరికి నేల దానంతటదే కూర్చుంది. గ్రూపులో ఫోటో మాత్రం అలాగే ఉంది. తీసేయమంటే ఎవరు పెట్టారో తెలియదన్నారు.

తప్పు ఎక్కడ జరిగినా చివరికి వడ్రంగి నెత్తినే! ఇక్కడున్న యజమానులను అడుగుతున్నాను, మీ ఇంట్లో టైల్స్ మేస్త్రీకి, వడ్రంగికి ఎప్పుడైనా మాటలు కలిపించారా? ఒకరు పోయాక ఒకరు వస్తాం. టైల్స్ తమ్ముళ్లూ, మీ మీద కోపం లేదు. సందు ఎందుకుందో మీకెవరూ చెప్పలేదు, అంతే. కనిపిస్తే పూడ్చకండి, ఒక్క ఫోన్ కొట్టండి. ద్వారబంధం దగ్గరా అంతే. క్రాకరీ యూనిట్, అంటే గిన్నెల అలమార, ముందు బిగించి, చెక్క దాని అంచు దగ్గర అదే సందు వదిలి ఆగాలి. యూనిట్‌ని చెక్క మీద ఎక్కించి గోడకి బిగిస్తే అది కూడా పూడ్చినట్టే.

మేస్త్రీలందరూ ఈ రోజు నుంచి ఎస్టిమేటులో ఒక లైను రాయండి: చుట్టూ 10 మి.మీ. సందు, స్కర్టింగ్ మేమే వేస్తాం, బిగింపు గోడకే, చెక్కకి కాదు. కింద యజమాని సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే అడ్వాన్సు ముట్టుకోవద్దు.

అధ్యక్షులవారు చీటీ పంపారు, అయిపోయిందండీ. బకెట్ నీళ్లు పోసి తుడవొద్దు, బట్ట గట్టిగా పిండి తుడవండి. కుర్చీ కాళ్ల అడుగున ఫెల్ట్, అంటే మెత్తటి దళసరి గుడ్డ ముక్కలు, అంటించండి, అరిగితే మార్చండి. ఇసుక ఇరుక్కున్న ఫెల్ట్ ఉప్పుకాగితంతో సమానం. మిగతావి భోజనాల దగ్గర అడగండి, అక్కడే ఉంటాను.